గోల్ చూడని స్విట్జర్లాండ్

నా చిన్నప్పుడు విన్నిపెగ్‌లో మా వీధి మొత్తానికి స్కేటింగ్ రాని పిల్లవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే మా ఇంటి వెనక నీళ్ళు పోసి గడ్డకట్టించిన రింక్‌లో మగపిల్లలు హాకీ ఆడేటప్పుడు నన్ను వల పక్కన నిలబెట్టి గోల్ జడ్జిని చేసేవారు. ఏ జట్టువాణ్ణీ కాను గనక నా మాటే చెల్లేది. రెండు జట్లవాళ్ళూ చాక్లెట్లు పెట్టేవారు. సిగ్గులేకుండా రెండువైపులా తినేవాణ్ణి.

ఆ చలికాలమే లైబ్రరీలో స్విట్జర్లాండ్ మీద ఉన్న నాలుగు పుస్తకాలూ చదివాను. నెపోలియన్ ఓడాక పెద్ద రాజ్యాలన్నీ దాని తటస్థతను ఒప్పుకున్నాయనీ, రెండు ప్రపంచ యుద్ధాలనూ అది తప్పించుకుందనీ, గడియారాలతో, బ్యాంకులతో సంపన్నమైందనీ ఇంట్లో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. "మన వీధికి స్విట్జర్లాండ్‌ని నేనే తాతయ్యా" అన్నానొకసారి. మమ్మల్ని చూడటానికి వచ్చిన మా తాతయ్య, "ఓహో, చాక్లెట్లు అందుకేనా" అన్నాడు.

పక్కింటి తెలుగు అక్క తననూ ఆడనివ్వమని ఆ పిల్లల్ని ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది. ఒక ఆదివారం, ఒక్క గోల్ కొడితే చేర్చుకుంటామన్నారు. కొట్టింది. పక్, అదే మేం బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ, గీత దాటి వలకు తగలడం కళ్ళారా చూశాను. పిల్లలంతా నావైపే తేరిపార చూస్తున్నారు.

"చూడలేదు" అన్నాను.

"నీ కాళ్ళ దగ్గరే కదరా" అంది అక్క.

ఇంటికొచ్చి తలుపు తట్టాను. గాజు తలుపు వెనక తాతయ్య కాఫీ తాగుతూ నన్నే చూస్తున్నాడు. తీయడు. వేళ్ళు కొయ్యబారి ఏడుపొచ్చింది. రెండు నిమిషాలకు తీసి, "నువ్వా? చూడలేదురా" అన్నాడు. కిటికీలోంచి ఆటంతా చూశాడని అప్పుడర్థమైంది. నా చేతులు తన అరచేతుల మధ్య వేడి చేసి, నేను చదవకుండా తిప్పేసిన పేజీ తీసి ఇచ్చాడు. నా పుస్తకాలన్నీ తనూ చదివేవాడట. రెండో యుద్ధంలో ప్రాణభయంతో వచ్చిన యూదుల్లో వేలమందిని ఆ దేశం సరిహద్దులోనే వెనక్కి పంపేసింది. వాళ్ళను వేటాడినవాళ్ళ బంగారం మాత్రం కొనుక్కుంది.

పరుగెత్తుకెళ్ళి, గోల్ అయిందని చెప్పాను. ఆట అయిపోయిందిగా అని నవ్వారు. అక్క అప్పటికే స్కేట్లు విప్పేసింది. "ఇందాక కావాలిరా ఆ మాట. ఇప్పుడు నాకెందుకు?" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రింక్‌కి రాలేదు.

పెద్దయి మిస్సిసాగా ఊళ్ళో స్థిరపడ్డాక కూడా ఆ దేశం గురించి చదువుతూనే ఉన్నాను. ఆడవాళ్ళకు దేశ ఎన్నికల్లో ఓటివ్వడానికి 1971 దాకా, అంటే నా చిన్నతనం దాకా ఆగిందని తర్వాత తెలిసింది. ఐరోపాలో యుద్ధం నడుస్తుండగా ఇకముందు ఎటూ కాకుండా ఉండటం కుదురుతుందా అని ఇప్పుడు వాళ్ళలో వాళ్ళే వాదించుకుంటున్నారు. ఏం తేల్చుకుంటారో నాకు తెలియదు. నేనెవరి పక్షమూ కానని ఎవరన్నా అంటే మాత్రం నాకు రోత. నేనే అనబోతే మరీ రోత. మొన్న మా టౌన్‌హౌస్‌ల కాలనీ మీటింగులో ఒకావిడ మీద లేని నింద వేసి, అసలేం జరిగిందో ఎవరైనా చూశారా అని అడిగారు. మనకెందుకన్నట్టు మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. అప్పటికే నేను లేచి నిలబడ్డాను.