మైకు పెద్దమ్మ గుసగుస

మా పెద్దమ్మకి గొంతు తగ్గించడం చేతకాదు. ఉద్యోగమంతా బస్టాండులో మైకు ముందే గడిచింది. రిటైరయ్యాక మైకు అక్కడే వదిలేసింది కానీ గొంతు మాత్రం ఇంటికి తెచ్చుకుంది. అందరూ ఆవిడని మైకు పెద్దమ్మ అంటారు. ఆవిడ దాన్ని బిరుదు అనుకుంటుంది.

ఇంట్లో ఉంటే మమ్మల్ని కాల్చుకు తింటుందేమోనని భయపడ్డాం. మా అదృష్టం బాగుండి పెద్దవాళ్ల సహాయ కేంద్రంలో చేరింది. పేరు పెద్దదే కానీ అది రెండు బల్లలున్న ఒక్క గది. ఉద్యోగం కావాలన్న పెద్దవాళ్లకి దారి చూపడం, చెడ్డ సరుకు అంటగట్టిన దుకాణాల వెంటపడటం అక్కడి పని. ఆవిడని అదుపులో పెట్టడానికి తోడు నేను. జీతం ఇద్దరికీ లేదు, తిట్లు మాత్రం నాకొక్కదానికే.

ఒకరోజు టైపు మాస్టారు వచ్చారు. ఆయన టైపు నేర్పిన ఇన్‌స్టిట్యూటు మూతపడి చాలాకాలమైంది.

"ఖాళీగా కూర్చోలేక పిచ్చెక్కుతోందమ్మా. మా మనవరాలు కూడా నన్ను దాటుకెళ్లి పిల్లితో కబుర్లు చెబుతోంది," అన్నారు.

లైబ్రరీ కౌంటరులో మనిషి కావాలంటే ఆయన పేరు చెప్పాం. మాట్లాడి చూస్తాం, శుక్రవారం రమ్మన్నారు. ఆ ఉద్యోగం కోసమే మాస్టారు కొత్త చెవి మిషను కొనుక్కున్నారు. అది పనిచేస్తోందో లేదోనని ఆయనకి అనుమానం. పెద్దమ్మ ఎదురుగా నిలబడి, "వినపడుతోందా మాస్టారూ?" అంది. కిటికీలో పావురాలు లేచిపోయాయి.

"భేషుగ్గా!" అన్నారాయన.

"మిషను బంగారం. మీకున్నదల్లా అనుమానం జబ్బే," అని తేల్చేసింది పెద్దమ్మ.

గురువారం ఆయనకి చోటు చూపిద్దామని లైబ్రరీకి తీసుకెళ్లాం. లైబ్రేరియనమ్మ పుస్తకాలకి నిద్రాభంగం అవుతుందేమో అన్నట్టు మాట్లాడుతుంది. "ఇదివరకు ఏం చేసేవారండీ?" అని అడిగింది.

"తప్పకుండానండీ," అన్నారు మాస్టారు నవ్వుతూ.

బయటికొచ్చి మెట్లమీద కూలబడ్డారు. "ఒక్క ముక్క వినపడలేదమ్మా. రేపూ ఇంతేగా! ఇంక నాకెవరిస్తారు పని?"

పెద్దమ్మ మొహం మాడిపోయింది. "నా గొంతుతో పరీక్ష పెట్టానే! నా గొంతుకి మిషను దేనికి, గోడలే పలుకుతాయి," అని తల కొట్టుకుంది. ఆవిడ మీద నాకు కోపం వచ్చింది, అంతలోనే జాలేసింది.

అటునుంచి అటే ఆ మిషను కొన్న దుకాణానికి వెళ్లాం. అక్కడి కుర్చీలో మాస్టారిని కూర్చోబెట్టి దుకాణదారు, "వినపడుతోందా తాతగారూ!" అని అరిచాడు. మాస్టారు వినపడుతోందన్నారు.

"చూశారా? మిషను బాగానే ఉంది. చెవే ముసలిదైపోయింది."

"ఆగు బాబూ. నువ్వూ నాలాగే అరుస్తున్నావు," అంది పెద్దమ్మ.

మాస్టారి వెనక్కి వెళ్లి నిలబడింది. గొంతు సవరించుకుని, గుసగుసగా, "మాస్టారూ, మీ చొక్కా గుండీ ఊడింది," అంది. నాకు బుద్ధి తెలిశాక ఆవిడ గుసగుస వినడం అదే మొదలు. మాస్టారిలో ఉలుకూ పలుకూ లేదు.

"ఇప్పుడు అలాంటిదే ఇంకోటి పెట్టు."

దుకాణదారు గొణుక్కుంటూ అరలోంచి మరోటి తీసి అమర్చాడు. పెద్దమ్మ అదే మాట అంతే మెల్లగా అంది. మాస్టారి చెయ్యి చటుక్కున గుండీ మీదకి పోయింది. అక్కడున్న వాళ్లంతా ఘొల్లున నవ్వారు.

"చెవిది తప్పు కాదని తేలిందిగా! పనిచెయ్యని వస్తువు మార్చివ్వాల్సింది నువ్వే. నన్ను మళ్లీ మామూలు గొంతుకి రానివ్వకు," అంది పెద్దమ్మ. అతను కొత్తది ఇచ్చేశాడు.

శుక్రవారం మాస్టారు ఒక్కరే లోపలికి వెళ్లారు. పెద్దమ్మా నేనూ తలుపు దగ్గర చెవులు రిక్కించి నిలబడ్డాం. చాలాసేపు మాట్లాడుకున్నారు. మాకేమీ వినపడలేదు. చివరికి లైబ్రేరియనమ్మ అటు తిరిగి, పుస్తకాలు సర్దుకుంటూ ఏదో అడిగింది.

"సోమవారం దాకా ఎందుకండీ," అన్నారు మాస్టారు. "ఇప్పుడే కూర్చోనా?"