గిలేన్ గారి నోరుజారిన మాట

బ్రసెల్స్ అంచున ఉన్న మా ఊళ్లో ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లమే ఎక్కువ. అయినా ఊరు బెల్జియంలో డచ్ మాట్లాడే ఫ్లెమిష్ ప్రాంతంలో ఉంది కాబట్టి పురపాలక సభలో మేయరూ ఉపమేయర్లూ డచ్‌లోనే మాట్లాడాలి, లేకపోతే తీర్మానం చెల్లదు. మందుల దుకాణం నడిపే గిలేన్ గారు మా ఫ్రెంచ్ పార్టీ తరఫున ఉపమేయరు. పన్నెండేళ్లుగా ఆవిడ డచ్‌లో రాయించుకున్న కాగితం చూసి చదివేవారు.

మా అమ్మాయి రోజూ దాటే బడి రోడ్డు మీద సిగ్నల్ పెట్టించడానికి ఆవిడ రెండేళ్లు తిరిగారు. తీర్మానం ఓటుకొచ్చిన రోజు ఎదుటి పక్షం ఆయన నవ్వాడు.

"అక్కడ బళ్లు నత్తల్లా పోతాయమ్మా. మీకే కంగారు."

ఆవిడ కాగితం పక్కన పెట్టేశారు. "మీ పిల్లలు అక్కడ దాటరుగా, మీకేం తెలుస్తుంది?" అన్నారు ఫ్రెంచ్‌లో.

తీర్మానం నెగ్గింది. మూడు వారాలకు అది రద్దయిందని పైనుంచి ఉత్తరం వచ్చింది.

"కోపమొస్తే అమ్మ నేర్పిన మాటే వస్తుంది. నా నోరే నా కొంప ముంచింది," అన్నారావిడ, నాకు దగ్గుమందు అందిస్తూ.

"మళ్లీ పెట్టండి మేడమ్."

"ఈ ఏటికి పద్దు మూసేశారు తల్లీ. ఇక వచ్చే ఏడాదే."

మర్నాడు రోడ్డు దాటుతుంటే, చెయ్యి నొప్పిగా ఉంది, వదలమని మా అమ్మాయి విసుక్కుంది. నేను వదల్లేదు.