రైలక్క కూతురి నిదానం

బడి యూనిఫాంలు కుట్టడంలో ఆమెను మించినవాళ్లు ఆ వీధిలో లేరు. పొద్దున కొలతలిస్తే సాయంత్రానికి చొక్కా చేతికొచ్చేది. అందుకే అందరూ ఆమెను రైలక్క అనేవారు. మిషను ఎంత జోరుగా నడిచేదో నోరూ అంతే. ఎవరైనా నసిగితే ‘ఆలస్యం అమృతం విషం’ అని తేల్చేసేది. భర్త లారీ మెకానిక్కు, నెమ్మదస్తుడు. ఆయన మొదలుపెట్టిన మాటను ఈమే ముగించేసేది.

వాళ్ల ఒక్కగానొక్క కూతురికి ఏడేళ్లప్పుడు ఒక వింత మొదలైంది. వేడి పాలు ఊదుకుంటూ ఉంటే కుడిచేతిలోని గ్లాసు జారిపోయేది. ఏడ్చినా, పరుగెత్తి రొప్పినా ఆ చేయి వేలాడిపోయేది. పది నిమిషాల్లో మళ్లీ మామూలే. పాలు తప్పించుకోవడానికి వేసే వేషమనుకుని తల్లి ఒకరోజు గట్టిగా కసిరింది. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఈసారి మాట కూడా ముద్దగా వచ్చింది. రైలక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి.

స్కానింగ్ చూసిన డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. జబ్బు పేరు మోయమోయ. మెదడుకు రక్తం మోసే పెద్ద నాళాలు సన్నబడిపోతున్నాయి. వాటికి బదులు పుట్టిన సన్న నాళాలు పొగలా అల్లుకున్నాయి. గట్టిగా ఊదినా ఏడ్చినా అందే కాస్త రక్తమూ తగ్గిపోతోంది. రక్తం చాలక మెదడులో ఎడమవైపు చిన్న దెబ్బ అప్పటికే తగిలింది. నెత్తి చర్మం కిందుండే నాళాన్ని మెదడు మీదికి మళ్లిస్తే కొన్ని నెలల్లో కొత్త దారులు పడతాయి.

“అంటే అతుకు వేస్తారన్నమాట,” అంది రైలక్క.

“అతుకేనమ్మా. చాలా సన్న కుట్టు.”

అంత దుఃఖంలోనూ ఆమె ఏ నంబరు దారం వాడతారో అడిగి తెలుసుకుంది.

రెండు వైపులా ఆపరేషన్లు బాగా జరిగాయి. ఆరు నెలలయ్యేసరికి చేయి పడిపోవడం ఆగిపోయింది. గండం గడిచిందనుకుని తల్లి ఊపిరి పీల్చుకునేలోగా బడినుంచి కబుర్లు మొదలయ్యాయి. బోర్డు మీది లెక్క సగం ఎక్కించుకునేసరికి టీచరు చెరిపేసేది. పరీక్షలో జవాబులు తెలిసుండీ కాగితం సగం ఖాళీ. రైలక్క గడియారం పట్టుకుని పక్కన కూర్చుని లెక్కలు చేయించడం మొదలెట్టింది.

“నాకు తెలుసమ్మా,” అంది పిల్ల ఒకరోజు. “నువ్వు తొందరపెడితే పారిపోతోంది.”

ఆపరేషనైన ఏడాదికి ఆసుపత్రిలో పరీక్ష పెట్టారు. పిల్లల తెలివితేటలు కొలిచే ఆవిడ చెక్కముక్కలు పేర్పించింది, కథలు చెప్పించింది, అంకెలు వెనక్కి అప్పగించమంది. ఆపరేషనుకు ముందు పెట్టిన పరీక్షతో పోల్చి చూసి తల్లిని పిలిచింది.

“తెలివి ఎక్కడికీ పోలేదు. మాట, గ్రహింపు ఈడు పిల్లలతో సమానం. వేగమే తక్కువ. నాలుగు సంగతులు ఒకేసారి చెబితే తడబడుతుంది.”

“మరి ఆపరేషన్ చేశారుగా?”

“అది రాబోయే దెబ్బను ఆపడానికమ్మా. ముందు తగిలినదాని గురుతు కొంత ఉండొచ్చు.”

“వేగానికి మందు లేదా?”

“టైమివ్వడమే.”

మర్నాడే రైలక్క ఆ రిపోర్టుతో హెడ్మాస్టరు గదిలో కూర్చుంది. ఒకరికి ఎక్కువ టైమిస్తే అందరూ అడుగుతారన్నాడాయన.

“పిల్లకి కళ్లద్దాలు పెట్టిస్తే మిగతావాళ్లు అడుగుతున్నారా సార్?” అంది. హెడ్మాస్టరు తన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అరగంట అదనం ఇప్పించాడు.

అసలు కష్టం ఇంట్లో వచ్చింది. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకోవడం ఆమెకు కత్తిమీద సామే. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకునేది. ఆ నిశ్శబ్దంలో భర్త కూడా వాక్యాలు పూర్తి చేయడం మొదలుపెట్టాడు. ఆయన ఇంత హాస్యగాడని పెళ్లయిన పదేళ్లకు తెలిసింది.

పిల్లకిప్పుడు పదహారేళ్లు. పదో తరగతి పరీక్ష అదనపు టైముతో రాసి, బొటాబొటిగా కాదు, బాగానే గట్టెక్కింది. వేగం తోటివాళ్లంత రాలేదు. ఇంటి నక్షాలు గీయడం నేర్చుకుంటోంది.

కొత్తగా ఆపరేషనైన పిల్లల అమ్మలను ఆ ఆసుపత్రి పరీక్షలావిడ రైలక్క దగ్గరికి పంపుతుంటుంది. మొన్న ఒకామె వచ్చి స్టూలు మీద కూర్చుంది, ‘మా బాబు...’ అని మొదలుపెట్టి చేతిలోని రిపోర్టును మడవసాగింది. రైలక్క మిషను ఆపి, మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుంది.

“నెమ్మదిగా చెప్పు చెల్లీ,” అంది.