సుజాత పంటి సందు

రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఫోన్లు పక్కన పెట్టండి. పళ్ళ మధ్య గీకడం గురించి చెబుతాను. వింటే చాలు, ఎవరూ పళ్ళు చూపించక్కర్లేదు.

అనంతపురంలో ఒక పళ్ళ ఆసుపత్రిలో అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. నేను చదివింది అయిదో తరగతి. డాక్టరు గారి పక్కన నిలబడి అడిగిన పనిముట్టు అందించడం, ఉమ్మి లాగే గొట్టం పట్టుకోవడం, వాడినవన్నీ ఆవిరిలో ఉడికించడం నా పని. వరసలో మొదట డాక్టరు గారు, తర్వాత చిన్న డాక్టరమ్మ, తర్వాత పేర్లు పిలిచే అమ్మాయి, ఆఖరున నేను. కుర్చీలో భయపడ్డవాళ్ళు గట్టిగా పట్టుకునే చెయ్యి మాత్రం నాదే.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు డాక్టరు గారు కొత్త వైద్యం మొదలుపెట్టి నన్ను ఆ గదిలో వేశారు. అప్పటిదాకా వంకర పళ్ళకు తీగలు కట్టేవాళ్ళం. ఇందులో తీగలుండవు, గాజులా కనిపించే పల్చటి ప్లాస్టిక్ తొడుగులుంటాయి. ట్రేలంటాం. ఒక జత కొన్నాళ్ళు, తర్వాత ఇంకో జత. ఒక్కోటీ పంటిని వెంట్రుకవాసి జరుపుతుంది. తిండికీ, పళ్ళు తోముకోవడానికీ తప్ప తీయకూడదు.

పళ్ళు జరగాలంటే చోటుండాలి కదా. ధర్మవరం బస్సులో ముగ్గురి సీటులో నాలుగో మనిషి కూర్చోవాలంటే అందరూ తలా కాస్త సర్దుకుంటారు. పళ్ళు సర్దుకోవు. అందుకని రెండు పళ్ళు ఆనుకునే చోట ఎనామిల్‌ను, అంటే పైనుండే గట్టి పెంకును, రవ్వంత అరగదీస్తారు. వజ్రపు పొడి అంటించిన సన్నటి ఉక్కు పట్టీని సందులో పెట్టి ముందుకీ వెనక్కీ లాగుతారు. కొలతకు పల్చటి రేకులుంటాయి. అనుకున్న మందం రేకు దూరగానే ఆపి, నునుపు చేసి, మందు పూస్తారు. సూది అక్కర్లేదు, నొప్పి ఉండదు, చెవుల్లో గరగరమంటుందంతే. కానీ తీసిన పెంకు మళ్ళీ మొలవదు. ఆ సందును ట్రేలతో మూయకపోతే అరగదీసింది దండగే.

సుజాత ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి కోడలు. సాయంత్రమైతే ఫోను ముందు కూర్చుని వీడియోలో చీరలు చూపించి అమ్ముతుంది. పై ముందు పళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి ఉండేవి.

“కొనేవాళ్ళు కొంగు చూపించమంటారక్కా. నేనేమో దాన్ని మూతికి అడ్డం పెట్టుకోనుంటా,” అంది నాతో. ఫోను ముందు అడ్డం లేకుండా నవ్వాలి. అదే ఆమె కోరిక.

డాక్టరు గారు కొలత ప్రకారం అరగదీశారు. తర్వాత వచ్చినప్పుడు చూస్తే సందు ఉన్నది ఉన్నట్టే ఉంది. కొత్త ట్రే వేరే గిన్నె మూతలా ఎగిరెగిరి పడుతోంది. రేకు పెట్టి చూశారు, కొలత సరిగ్గానే ఉంది. ట్రేలు పెట్టుకుంటున్నావా అని అడిగారు.

“పెట్టుకుంటానే ఉండా సార్,” అంది సుజాత, పైకప్పు వంక చూస్తూ.

మరోసారి వచ్చింది. మళ్ళీ అదే వరస. ట్రేలు చేసేవాళ్ళు కొలత తప్పారనుకున్నారు డాక్టరు గారు. మొదటినుంచీ మొదలుపెట్టాలి, ఇలాగే ఉంటే పళ్ళ మధ్య ఆ సందు అలాగే నిలిచిపోతుందన్నారు. సుజాత నా చెయ్యి పట్టుకుంది.

ఆ రోజు తోడుగా వాళ్ళ అత్త ఈశ్వరమ్మ వచ్చింది. పిలవకుండానే లోపలికొచ్చేసింది.

“ఏమప్పా డాక్టరూ, దాని పంటి సందు మూయొద్దప్పా. శానా బాగుండాది!”

డాక్టరు గారు అందం గురించి అంటోందనుకుని, ఇదేం ముచ్చటమ్మా అన్నారు.

“అత్తా, నువ్వు గమ్మునుండు,” అని సుజాత కుర్చీలోంచి లేవబోయింది.

ఈశ్వరమ్మ ఎందుకు గమ్మునుంటుంది? మగ్గం సంగతంతా చెప్పేసింది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతకాలి. వేళ్ళకు బూడిద రాసుకుని రెండు పోగులు కలిపి మెలి తిప్పాలి. ఊళ్ళో అతికే పనికి సుజాతనే పిలుస్తారు. జత దొరకని పోగును పక్కకు పట్టి ఉంచాలి. పెదాల మధ్య పెడితే తడిసి జారిపోతుంది.

“ఇప్పుడు పోగును ఆ సందులో దూర్చుతాది సూడు, బిగుసుకోని నిలబడుకుంటాది! చేతులు రెండూ ఖాళీ! దీన్ని మూస్తావా నువ్వు?”

మరి ట్రే ఎప్పుడు పెట్టుకుంటున్నావని డాక్టరు గారు మెల్లగా అడిగారు.

“పని లేనప్పుడు సార్.”

“పని ఎప్పుడుండదు?”

“రాత్రి సార్. సాయంత్రం వీడియో ఉంటాది. ట్రే పెట్టుకుంటే మాట బుస్సుమంటాది.”

డాక్టరు గారు స్టూలు మీద కూలబడ్డారు. మాస్కు వెనక నవ్వుతున్నారని చెవులు కదలడం చూస్తే తెలిసింది. ఇంత చదువు చదివి మగ్గానికి పనిముట్టు చేసి పెట్టానన్నమాట అన్నారు. తర్వాత నవ్వు మాని, ఆ సందులో తిండి ఇరుక్కుంటుంది, చిగురు వాస్తుంది, పోగు ఒరుసుకుని తెగుతుంది అని వివరంగా చెప్పారు. నవ్వు కావాలా, పోగు కావాలా నువ్వే తేల్చుకో అన్నారు.

సుజాత తేల్చుకునే లోపలే ఈశ్వరమ్మ ఇంకో కుర్చీ ఎక్కి కూర్చుంది.

“పోనీ దాన్ది మూసి, నాకు గీకప్పా!”

నోరు తెరిపించి చూస్తే ముందు పళ్ళ మధ్య పుట్టుకతో వచ్చిన సందు.

“మీకు నేను గీకే పని లేదమ్మా. దేవుడే గీకి పంపించాడు,” అన్నారు డాక్టరు గారు.

సుజాత నా చెయ్యి వదిలింది. “అయితే పోగు నువ్వే పట్టుకో అత్తా. అతికేది నేను.”

“నేనా?”

“బాగుండాదంటివి కదా? నీ నోట్లో ఉంటే ఇంకా బాగుంటాది.”

ఈశ్వరమ్మ కాసేపు గొణిగింది. కానీ డాక్టరు ముందు తన నోటితోనే పొగిడిన సందాయె, కాదనలేకపోయింది.

ఆ తర్వాత సుజాత వచ్చిన ప్రతిసారీ ట్రే టక్కుమని కూర్చుంది. కొన్ని నెలలకు సందు మూసుకుపోయింది. ఆఖరిసారి వచ్చినప్పుడు అత్త ఎలా ఉందని అడిగాను.

“పొద్దస్తమానం నోట్లో పోగు పట్టుకోని నా పక్కనే ఉంటాదక్కా. నోరు తెరిస్తే పోగు జారుతాది. అందుకని ఒక్క మాట రాదు. మా ఇల్లు ఇప్పుడు ఎంత నిమ్మళంగా ఉండాదో!”

అని పగలబడి నవ్వింది. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

ఆనాటినుంచి మా గదిలో ఒక పద్ధతి వచ్చింది. పట్టీ బయటికి తీయకముందే, పగలంతా నోటితో ఏం పని చేస్తారని అడుగుతారు. పిన్నులు పళ్ళతో పట్టే టైలర్లు, దారం కొరికే పూలమ్మే వాళ్ళు అందరూ అప్పుడే బయటపడతారు. సందు ఎంత చేయాలో రేకు చెబుతుంది. అందులో ఏం దూరబోతుందో మనిషినే అడగాలి.

మీ చేలో శనక్కాయ మొలక ఎండకముందే వాన పడాలి. మీ ఇంట్లో అత్తాకోడళ్ళు ఒకే పడుగు ముందు కూర్చోవాలి. మీ గడప లోపల నవ్వేవాళ్ళెవరికీ మూతి దాచుకునే అవసరం రాకూడదు. చల్లగా ఉండండి.