పిడిలో దాచిన సీసం

ఆ ఊళ్ళో గోల్ఫ్ గొప్పోళ్ళ ఆటేమీ కాదు. బస్సు డిపో వెనకాల పెద్ద పచ్చిక మైదానం ఉంది. సెలవు రోజొస్తే దర్జీ, ప్లంబరు, రిటైరైన బస్సు డ్రైవరు, ఎవరి కర్రలు వాళ్ళు భుజానేసుకుని అక్కడ తేలతారు. బంతిని దూరంగా కొట్టడానికి ఒక కర్ర, గుంట దగ్గరికొచ్చాక మెల్లగా దొర్లించడానికి ఇంకో కర్ర. ఈ రెండోదాన్ని పట్టర్ అంటారు. కండబలం ఉంటే దూరం ఎవడైనా కొడతాడు. మూరెడు దూరంలో ఉన్న గుంటలోకి బంతిని పంపాలంటే మాత్రం చేయి నిలకడగా ఉండాలి. మహామహులు బోల్తా పడేది అక్కడే.

టైర్ల షాపతనికి ఈ ఆట రాదు. ఆడేది అతని మామగారు. ఆయన డ్రైవరుగా ఉన్న రోజుల్లో నిండు గ్లాసుతో బస్సులో నిలబడినా నీళ్ళు తొణికేవి కావని చెప్పుకునేవారు. ఆ మాట ఎవరూ అనకపోతే ఆయనే అనేవారు. అలాంటి మనిషికి ఈమధ్య పట్టర్ పట్టుకోగానే కుడి చేయి సన్నగా వణుకుతోంది. బంతి గుంట అంచుదాకా వెళ్ళి పక్కకి జారిపోతోంది.

"పచ్చిక తడిగా ఉందోయ్" అనేవారు, నెత్తి మాడే ఎండలో కూడా. ఆయనతో జోడీగా ఆడే దర్జీ ఆకాశంలోకి చూసేవాడు.

అల్లుడికి తండ్రి లేడు. షాపు తెరిచిన రోజు నుంచీ అతని పక్కన నిలబడింది ఈ మామగారే. ఆయన తలదించుకుంటే చూడలేకపోయాడు. ఆట నేర్పే మాస్టారు పంచరు వేయించుకోవడానికి వచ్చినప్పుడు మెల్లగా మాట కదిపాడు.

"చేయి వణికేవాళ్ళు ఏం చేస్తారు మాస్టారూ?"

"పట్టర్‌కి బరువెక్కిస్తారు. కర్ర బరువుగా ఉంటే మణికట్టు ఊరికే ఎగిరిపడదు, భుజం నుంచి ఊపు వస్తుంది. కానీ ఆడేవాళ్ళకి చెప్పి పెట్టాలి సుమా. అలవాటయ్యేదాకా బంతి గుంట చేరదు. ఇంతకీ ఎవరికి?"

"అబ్బే, ఎవరికీ కాదండీ."

బండి చక్రం వణక్కుండా రిమ్ముకి సీసం ముక్కలు అంటించడం అతనికి రోజూ ఉన్న పనే. చక్రానికి చెప్పి పెడతామా ఏంటి అనుకున్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

"మామయ్యా, పిడి రబ్బరు అరిగిపోయింది, కొత్తది తొడిగిస్తాను" అని పట్టర్ తీసుకెళ్ళాడు. పాత రబ్బరు లాగేసి, పిడి గొట్టం లోపల సీసం బిగించి, పైన కొత్త రబ్బరు ఎక్కించాడు. పైకి చూస్తే ఏమీ తెలియదు. పనితనం చూసుకుని తనే మురిసిపోయాడు.

ఆ సెలవు రోజున మామగారు కొట్టిన బంతి ఒక్కటీ గుంట దాకా పోలేదు. ఇంటికొచ్చి పట్టర్‌ని తలుపు వెనక్కి నెట్టేశారు.

"కర్ర ఎత్తలేకపోతున్నానమ్మా" అన్నారు కూతురితో. "ఇన్నేళ్ళూ ఆడిన కర్రే. అది బరువెక్కుతుందా? నా పనే అయిపోయింది."

దర్జీని వేరే జోడీ చూసుకోమన్నారు. ఆట ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. సీసా మూత తియ్యమన్నా కూతురి చేతికే ఇచ్చేవారు. మెట్లెక్కితే గోడ పట్టుకునేవారు. మనవరాలు ఎత్తుకోమని చేతులు చాపితే, "తాతకి ఓపిక లేదు తల్లీ, పడేస్తాను" అని చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఆ పిల్ల బిక్కమొహం చూసిన అల్లుడు, ఆ రాత్రి భోజనాల దగ్గర నోరు విప్పాడు.

"కర్ర నిజంగానే బరువెక్కింది మామయ్యా" అన్నాడు, కంచంలోంచి తలెత్తకుండా. "నేనే లోపల సీసం పెట్టాను. మీకు చెప్పలేదు."

భార్య గరిటె కింద పెట్టింది. "మా నాన్న చేయి మీకు బండి చక్రమా? గాలి కూడా కొట్టేయకపోయారా, పనైపోయేది!"

మామగారు మాత్రం ఒక్కసారిగా నవ్వేశారు. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! అయితే నా చేయి బాగానే ఉందన్నమాట! అనవసరంగా ముసలాణ్ణయిపోయాను కదయ్యా!"

అంటూనే ఆగిపోయారు. నవ్వు పెదాల మీదే ఉండిపోయింది, కళ్ళలో మాత్రం లేదు.

"మరి సీసం ఎందుకు పెట్టావు?"

అల్లుడు కంచంలో అన్నం కెలికాడు.

"వణుకు కనబడుతోందా?"

గరిటె తీసుకున్న కూతురు ఏమీ వడ్డించకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన కుడి చేతిని బల్ల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. దాచినందుకు అల్లుడు ఎంత సిగ్గుపడ్డాడో, చెప్పినందుకు అంతకు పదింతలు సిగ్గుపడ్డాడు. చెప్తే బరువు దిగుతుందనుకున్నాడు గానీ, అది పెద్దాయన నెత్తికెక్కుతుందని ఊహించలేదు.

మర్నాడు పొద్దున్నే మామగారు పట్టర్ పట్టుకుని షాపుకొచ్చారు. వెనకే దర్జీ. గాలి కొట్టించుకునేవాళ్ళు నలుగురు అక్కడే ఉన్నారు.

"తీసెయ్" అన్నారు.

సీసం తీసేశాడు. ఆయన షాపు గచ్చు మీద బంతి పెట్టి, ఎదురుగా ఉన్న టైరు వైపు దొర్లించారు. చేయి వణికింది. బంతి టైరుకి తగలకుండా పక్క నుంచి పోయింది. ఈసారి ఆయన పచ్చికని తిట్టలేదు.

"మళ్ళీ పెట్టు. సగమే పెట్టు, అలవాటు చేసుకుంటాను." దర్జీ వైపు తిరిగి, అందరికీ వినబడేలాగే అన్నారు: "నా చేయి వణుకుతోందోయ్. అందుకే బరువేయించుకుంటున్నా. ఇంక ఆకాశంలోకి చూడక్కర్లేదు నువ్వు."

"మేఘాలు చూస్తున్నా బావా, నీ చేయి ఎవరు చూశారు!" అన్నాడు దర్జీ. నలుగురూ నవ్వారు, పెద్దాయనా నవ్వారు.

అల్లుడు నవ్వలేకపోయాడు. ఆ మాట నలుగురిలో అనడానికి ఆయన ఎంత దిగమింగుకున్నారో అతనికి తెలుసు. ముందే పక్కన కూర్చుని ఒక్క మాట అడిగి ఉంటే, అది మామా అల్లుళ్ళ మధ్యే ఉండిపోయేది. సీసాన్ని సగానికి కోస్తూ, తల మాత్రం ఎత్తలేదు.

"చూడవయ్యా, ఈ బరువు చాలా?" అని మామగారు, సగం సీసం బిగించిన కర్రని ఒకసారి ఊపి, పిడి అతనికి అందించారు. అతను రెండు చేతులతో అందుకున్నాడు.

"మీరే చెప్పండి మామయ్యా" అన్నాడు.