కత్తెర పడ్డ మెయిన్ రోడ్డు ఫోటో

2022లో రాజమండ్రిలోని నా స్టూడియోలో పాత ఫోటోలు బాగుచేసే పనిలో తలమునకలుగా ఉన్నాను. కొందరం కలిసి పాత ఊరి ఫోటోల ప్రదర్శన పెట్టాలనుకున్నాం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిన మెయిన్ రోడ్డు కొట్ల వరస ఎవరింట్లోనైనా ఫోటోగా మిగిలిందేమోనని కనబడ్డవాళ్లనల్లా అడిగేవాణ్ణి. నాకు మనుషుల కన్నా వాళ్ల వెనకున్న వీధులంటేనే పిచ్చి.

ఈ మాట విని సత్యవతిగారు వచ్చారు. వాళ్లది ఒకప్పుడు ఆ వరసలోనే ఇత్తడి సామాన్ల కొట్టు. ఆవిడ కవరులోంచి తీసిన ఫోటో చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కొట్టు, పక్కన మిఠాయి దుకాణం, మేడ మీద చెక్క వరండా, అన్నీ ఉన్నాయి. బిందెల దొంతర దగ్గర కొత్త పెళ్లికూతురిగా ఆవిడ. ఆ పక్కన మాత్రం మనిషి ఆకారంలో కన్నం.

"మా ఆయన పోయినప్పుడు మా మరిది కత్తిరించేశాడండి. పోయినవాళ్ల పక్కన బతికున్నవాళ్లు ఉండకూడదంటారు కదండి" అన్నారు.

ఆ ముక్క తీసుకెళ్లి వేరే స్టూడియోలో పెద్దకర్మకి పటం కట్టించారట. ఇలా చిల్లులు పడ్డ ఫోటోలు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

"ఆ ముక్క ఉందాండి?"

"అస్థికలతో పాటు గోదాట్లో కలిపేశారండి. పటం తెచ్చాను. అందులోంచి తీసి ఆయన్ని మళ్లీ నా పక్కన నిలబెట్టండి బాబూ."

రెండూ స్కాన్ చేశాను, అంటే కంప్యూటర్లోకి ఎక్కించాను. పటంలోని మొహాన్ని కన్నంలో అమర్చి, చొక్కా గీసి, వెనక గోడ రంగు కలిపాను. అతుకు నాకే కనబడలేదు. చెప్పొద్దూ, కాస్త గర్వపడ్డాను కూడా.

సత్యవతిగారు స్క్రీన్ వంక చాలాసేపు చూశారు.

"కొట్టొచ్చిందండి. వీధొచ్చింది. ఆయనే రాలేదు."

"పోలిక తేడాగా ఉందాండి?"

"పోలిక ఆయనదేనండి. కానీ ఆ రోజు మొహం ఇటున్నా చూపు నా మీదే ఉంది. 'కెమెరా వైపు చూడరా' అని మా మామగారు కేకలేశారు కూడా. ఆయన నన్నలా చూస్తున్న ఫోటో అదొక్కటేనండి."

అప్పుడు నాకు విషయం అర్థమైంది. దండ వేసే పటంలోని మనిషి దణ్ణం పెట్టేవాళ్లను సూటిగా చూడాలంటారు. అందుకే రీటచింగ్‌లో, అంటే మెరుగులు దిద్దేటప్పుడు, కనుపాపలు మధ్యకి జరపడం మా వృత్తిలో అలవాటు. ఆ పటం చేసినవారూ అదే చేశారు.

"కళ్లు నేను తిప్పేస్తానండి, చిటికెలో పని" అన్నాను.

"వద్దు బాబూ. మీరు తిప్పితే మీరు తిప్పినట్టే ఉంటుంది. ఆయన చూసినట్టవదు కదండి."

కన్నం ఉన్న ఫోటోనే వెనక్కి తీసుకెళ్లారు. నేను స్కాన్ చేసిన దాంట్లోంచి వీధి వరకూ ప్రదర్శనలో పెట్టుకోమన్నారు. జనం దాని ముందే గుమిగూడారు, మిఠాయి దుకాణాన్ని ఒకరికొకరు చూపించుకుని మురిసిపోయారు. నాకు మాత్రం ఆ ఫోటో తగిలించిన గోడ వైపు వెళ్లబుద్ధి కాలేదు. చాలా బాధేసింది.

ఇప్పుడు పటం కోసం ఎవరు ఫోన్ చేసినా, కత్తెర పెట్టకుండా మొత్తం ఫోటో తెమ్మంటాను. ముందు ఉన్నదున్నట్టు ఒక కాపీ తీసి ఇంట్లోవాళ్ల చేతికిస్తాను. ఆ తర్వాత, కళ్లు దిద్దే ముందు, ఆ మనిషి ఎవరి వైపు చూస్తున్నారని అడుగుతాను.