చెరువు మీద తెరచాప

మిరపకాయలను అనుమానించడం నా ఉద్యోగం. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్ళకు సరుకు చూసిపెడతాను. కల్లాలకు వెళ్ళి, కుప్ప పైన కాయలు వదిలేసి, మోచేతి దాకా లోపలికి చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీస్తాను. తొడిమ విరుస్తాను, వాసన చూస్తాను. బరువు కోసం నీళ్ళు చల్లారా, నిరుటి సరుకు కలిపారా అన్నది ఆ గుప్పెడే చెప్పేస్తుంది. ఏళ్ళ తరబడి అదే పని చేసి చేసి, ఇంట్లో పాల ప్యాకెట్ కూడా తిప్పి చూడందే లోపల పెట్టను.

మూడేళ్ళ కిందట ఫిబ్రవరిలో వినుకొండ నుంచి పొదిలి వైపు కారులో వెళ్తున్నాను. దారిలో ఒక పెద్ద చెరువు మీద నారింజ రంగు గుడ్డ కనిపించింది. ఎవరి కల్లంలోదో టార్పాలిన్ పట్టా ఎగిరి పడిందనుకున్నాను. కానీ అది నిటారుగా నిలబడి కదులుతోంది. కారు ఆపి చూస్తే దాని వెనక ఒక మనిషి ఉన్నాడు. పొడవాటి పలక మీద నిలబడి, తెరచాపను రెండు చేతులా పట్టుకుని, చప్పుడు లేకుండా ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళిపోతున్నాడు.

గట్టుకు వచ్చాక తెలిసింది, అరవై దాటిన పెద్దాయన.

“ఏంటండీ ఇది?” అన్నాను.

“విండ్ సర్ఫింగ్ అంటారమ్మాయ్. గాలే లాక్కెళ్తుంది. నీకు ఈతొచ్చా?”

చిన్నప్పుడు సాగర్ కాలువలో నేర్చుకున్నానని చెప్పాను.

“అయితే ఆదివారం రా, నేర్పిస్తా. ఫీజూ గీజూ ఏం వద్దు.”

అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది. టీ కొట్టులో వాకబు చేశాను. ముప్పై ఏళ్ళు ఓడల్లో పనిచేసి సొంతూరికి తిరిగొచ్చారట. పెళ్ళి చేసుకోలేదట. మా ఆయన విని, “ఎవరో ఊరికే నేర్పుతానంటే నమ్మేశావా? నువ్వా?” అన్నాడు. నమ్మలేదు. కానీ ఆ గుడ్డ చప్పుడు లేకుండా వెళ్ళిన తీరు కళ్ళల్లోంచి పోలేదు. ఆదివారం వెళ్ళాను. మా ఆయన కూడా వచ్చి గట్టు మీద కాపలాగా కూర్చున్నాడు.

మొదటి రోజంతా పడటమే. నీళ్ళలో పడున్న తెరచాపను తాడు పట్టి లేపాలి. లేచీ లేవగానే గాలి లాగేస్తుంది, నేను వెనక్కి పడతాను. “నడుం వంచకు, మోకాళ్ళు వంచు. తెరచాపతో కుస్తీ పట్టకు,” అని ఆయన ఒడ్డు నుంచి అరిచేవారు. బాబాయ్ గారూ అని పిలవడం అప్పుడే మొదలుపెట్టాను.

నీళ్ళలో వేసుకునే, ఒంటికి అతుక్కుని ఉండే వెట్‌సూట్ కొనుక్కుందామంటే, “తొందరపడకు,” అన్నారు. ఎందుకు వద్దంటున్నారో అర్థం కాక, చెప్పకుండా ఆన్‌లైన్‌లో అన్నిటికన్నా మందమైనది తెప్పించాను. మందంగా ఉంటే మంచిదనుకున్నాను. ఇంట్లో వేసుకునేసరికి ఒళ్ళంతా చెమట, ఊపిరాడలేదు. మా ఆయన కాళ్ళ దగ్గర పట్టుకుని గుంజితే గానీ ఊడలేదు.

అది చూపిస్తే బాబాయ్ గారు నవ్వారు. “ఇది మంచు పడే దేశాల నీళ్ళకి. మన ఎండలో ఇది వేసుకుంటే వడదెబ్బ తగులుతుంది.” తన సంచిలోంచి పల్చటిది ఒకటి తీశారు. “ఇది చూడు. వీపు దగ్గర పట్టుకు లాగితే నీ చర్మం కూడా రావాలి. గుడ్డొక్కటే వస్తే సైజు పెద్దదన్నట్టు. చంకల్లో ఒరుసుకోకూడదు, చేతులు పైకెత్తితే భుజాలు పట్టెయ్యకూడదు.”

అది నాకు సరిగ్గా సరిపోయింది. ఒంటరి మనిషి దగ్గర నా కొలత సూట్ ఎందుకుంది? అడిగేశాను.

“నాదే. పొట్ట రాకముందుది,” అన్నారు.

ఇంటికెళ్ళి మెడ లోపల చీటీ చూశాను. మగవాళ్ళ సైజే.

ఏప్రిల్‌కి చెరువు అడ్డంగా పడకుండా దాటగలిగాను. అలా దాటిన ఆదివారమే, ఆ చెరువులో చేపలు పెంచుకోవడానికి వేలంపాట పాడుకున్న రైతు బండి మీద వచ్చి గట్టెక్కాడు.

“ఏం కొలుస్తున్నారండీ చెరువులో?”

“ఏం కొలవట్లేదు బాబూ, ఆడుకుంటున్నాం,” అన్నారు బాబాయ్ గారు.

“ఈ వయసులో ఆటలేంటండీ? నీళ్ళ మీద సోలార్ పలకలు వేస్తారని ఊళ్ళో అందరూ అంటున్నారు. సర్వేకి వచ్చారు గదా మీరు? ఆ పలక తిరగెయ్యండి!”

తిరగేశాం. కింద చేప రెక్క లాంటిది ఒకటి ఉంటుంది, పలక పక్కకు జారకుండా. దాన్ని వేళ్ళతో తడిమి, తట్టి, వాసన కూడా చూశాడు. కల్లంలో నేను ఎలా కనిపిస్తానో అప్పుడు తెలిసింది.

“ఇది నా వలలు కోసేస్తది. రేపట్నుంచి రావొద్దు,” అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు.

కొత్త చోటు వెతకాల్సి వచ్చింది. చీమకుర్తి దగ్గర నీళ్ళు నిండిన పాత క్వారీ గుంట చూశాం. పచ్చటి నీళ్ళు, చుట్టూ నిలువు గోడలు. “గోడలకు కొట్టుకుని గాలి సుడి తిరుగుతుంది. పడితే ఎక్కడానికి దారి లేదు,” అని ఆయన కారు కూడా దిగలేదు. ఇంకో చెరువు మీద కరెంటు తీగలు. ఇంకోదాన్నిండా అల్లుకుపోయిన తూటాకు తీగలు. సముద్రానికి వెళ్దామన్నాను. ఆయన ప్రతి వారం ఏదో ఒక వంక చెప్పారు. ఓడల్లో బతికిన మనిషి సముద్రం మాటెత్తితే ఎందుకు తప్పించుకుంటారు?

మేలో ఒక ఆదివారం పట్టుబట్టి చీరాల దగ్గర తీరానికి తీసుకెళ్ళాను. పొద్దున ఏడున్నర. సముద్రం పళ్ళెంలా నున్నగా ఉంది.

“ఇప్పుడొద్దు. పడమటి గాలి. ఒడ్డు నుంచి లోపలికి తోసేస్తది. మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగాక దిగుదాం,” అన్నారు.

“బాబాయ్ గారూ, నిజం చెప్పండి. మీరు ఎప్పుడైనా సముద్రంలో దిగారా?”

“లేదమ్మా. ఓడలో నా పని ఇంజను గదిలో. ఇది నేర్చుకుంది ఎక్కడో రేవు పట్నంలో, ఒక సరస్సు మీద. సముద్రమంటే నాకు భయం.”

మోసపోయాననిపించింది. గాలి గురించి చెప్పింది కూడా భయంతో అల్లిన మాటేననుకున్నాను. “మీరుండండి,” అని దిగిపోయాను.

అంత హాయిగా ఎప్పుడూ వెళ్ళలేదు. అల లేదు, పడటం లేదు. ఒడ్డు దగ్గర మెత్తగా తగిలిన గాలి లోపలికి పోయేకొద్దీ బిగిసింది. తిప్పబోతే పడ్డాను. లేచి మళ్ళీ తిప్పబోతే మళ్ళీ పడ్డాను. నాలుగోసారి వెనక్కి చూస్తే ఒడ్డున పడవలు వడ్లగింజల్లా ఉన్నాయి. తెరచాప లేపే సత్తువ మిగల్లేదు. ఏం జరిగినా పలక వదలొద్దన్న ఆయన మాట గుర్తొచ్చింది. ఈదుకుంటూ వెళ్ళిపోదామన్న ఆలోచన మానుకుని, పలక మీద బోర్లా పడుకుని గట్టిగా పట్టుకున్నాను.

ఎంతసేపో తెలియదు. మోటారు చప్పుడు వినబడింది. ఫైబర్ పడవలో ఒక జాలరి, ముందు అంచు పట్టుకుని చొక్కా తడిసిపోయిన బాబాయ్ గారు.

“గాలెటుందో చూడకుండా దిగుతారేంటమ్మా? ఈయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు, లేపోతే వల వెయ్యడం మానుకుని ఎవరొస్తారు?” అని జాలరి కేకలేశాడు. బాబాయ్ గారు నా చెయ్యి పట్టుకుని పైకి లాగారు.

కారులో చాలా దూరం వచ్చాక అన్నాను, “సముద్రం సంగతి ముందే చెప్పి ఉండొచ్చు కదా.”

“చెబితే నా దగ్గర నేర్చుకునేదానివా?”

“లేదండీ.”

“ఒక్కణ్ణే ఆడి ఆడి విసుగొచ్చిందమ్మాయ్. తోడు కావాలనిపించింది. అంతే.”

ఆ మాటనూ తొడిమ విరిచి చూడాలనిపించింది. చూడలేదు.

మూడు వారాల తర్వాత మళ్ళీ అక్కడికే వెళ్ళాం, మధ్యాహ్నం మూడింటికి. గుప్పెడు ఇసుక పైకి విసిరి గాలి ఒడ్డు వైపే వస్తోందని రెండుసార్లు సరిచూసుకున్నాను. ఈసారి ఆయన ముందు దిగారు, నడుం లోతు వరకే. తెరచాప లేపి నాలుగు గజాలు వెళ్ళారు, అల తగిలి బోర్లా పడ్డారు. పైకి లేచి మొహం తుడుచుకుంటూ నా వైపు తిరిగి అరిచారు:

“అమ్మాయ్, మరీ ఇంత ఉప్పనా!”